బంతిని దగ్గర పెట్టుకోరాదు!
హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు కథ

వికారాబాదు స్టేషన్లో నిలబడి పడమటి వైపు చూస్తే రైలు పట్టాలు తాండూరు మీదుగా వాడి జంక్షను దాకా పోతాయి. అక్కడినుంచి గుల్బర్గా, షోలాపూరు, పూనాలు దాటి బొంబాయి చేరతాయి. సికింద్రాబాదు నుంచి వాడి దాకా రైలు నడవడం మొదలైంది 1874లో. తాండూరు నాపరాళ్ళు ఊళ్ళు దాటి పోయింది ఈ దారిన. హైదరాబాదు నుంచి బొంబాయికి పనిమీద పోయే వారు కిటికీలోంచి అనంతగిరి గుట్టలను చూసింది ఈ దారినే.

1950లో ఇంకో సంగతి జరిగింది. బొంబాయిలో ఏటేటా జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలిచింది. 1951లో మళ్ళీ గెలిచింది. 1952, 1953, 1954 సంవత్సరాలలోనూ గెలిచింది. వరుసగా అయిదు సార్లు! ఆ పోటీ 1891 నుంచి జరుగుతున్నది. మొదటి నలభై అయిదేళ్ళు గోరా సైనికుల జట్లే కప్పు పట్టుకుపోయేవి. భారతీయుల జట్టు ఒకటి దానిని మొట్టమొదట గెలుచుకున్నది 1937లో. అది బెంగుళూరు జట్టు. అలాంటి కప్పును జీతానికి పోలీసు ఉద్యోగం, సాయంత్రం పూట ఫుట్‌బాలు చేసే మనుషులు అయిదేళ్ళపాటు ఇంకెవరికీ దక్కనివ్వలేదు.

వారేమీ మనకంటె పొడుగువాళ్ళు కారు. కలకత్తా క్లబ్బులకున్నంత డబ్బూ వారికి లేదు. మరి ఎలా గెలిచారు? అదృష్టం అందామా? అదృష్టం ఒక ఏడు వస్తుంది, రెండేళ్ళు వస్తుంది. అయిదేళ్ళు వరుసగా వచ్చేదానికి వేరే కారణం వుండి తీరాలి. ఆ కారణం వెతికితే మనకు బడిలో చెప్పే భౌతికశాస్త్రం, రేఖాగణితం, శరీరశాస్త్రం మూడూ తగులుతాయి. ఆ మూడింటినీ ఆట మైదానంలోకి తెచ్చినాయన కూడా ఒక బడిపంతులే.

పంతులుగారి వింత పోటీలు

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడులలో పాఠాలు చెప్పారు. తరవాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. 1940ల నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా వున్నారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు.

పోలీసు జట్టు అప్పటికే వుంది. దానికి ముందు పేరు సిటీ ఆఫ్ఘన్స్. 1943లోనే అది బెంగుళూరు వెళ్ళి ఆషె గోల్డ్ కప్పు గెలిచివచ్చింది. 1944 నుంచి 1950 దాకా దానిని తీర్చిదిద్దినవారు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్. రహీం చేతికి వచ్చింది మట్టిముద్ద కాదు, సగం కాల్చిన కుండ అన్నమాట. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కథలు చెప్పేవాళ్ళు అంతా ఒక్కరి మాయే అన్నట్టు చెబుతారు. ఏ మంచి జట్టు వెనకనైనా ఇద్దరు ముగ్గురు గురువులు వుంటారు.

రహీం సాహెబు చేసిన పని ఏమిటంటే, హైదరాబాదు కుర్రవాళ్ళకు కొన్ని వింత పోటీలు పెట్టారు. ఒక పోటీలో షరతు ఏమిటో తెలుసా? డ్రిబ్లింగు చేయరాదు. అంటే బంతిని కాలితో తోసుకుంటూ, ఒకరినీ ఇద్దరినీ తప్పించుకుంటూ పరుగెత్తకూడదు. బంతి వచ్చిందా, వెంటనే తోటివాడికి అందించాలి. మరొక పోటీలో కుడికాలి వాటం వున్నవాడు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. ఇది వింటే ఆట చెడగొట్టడానికి పెట్టినట్టుంటుంది. చూసేవారికి కావలసింది డ్రిబ్లింగే గదా! నలుగురిని తప్పించి గోలు కొట్టిన వాడిని భుజాల మీద ఎత్తుకుంటారు. బంతిని సమయానికి పక్కవాడికి ఇచ్చిన వాడిని ఎవరూ ఎత్తుకోరు.

మా బడిలో డ్రిల్లు సారు ఒకాయన వుండేవారు. ఎవరైనా బంతిని అంటిపెట్టుకుని పోతుంటే గట్టు మీదినుంచి "ఏంరా, బాలు నీ ఒక్కనిదేనా? పక్కోనికియ్యి!" అని కేకవేసేవారు. మేము అది మర్యాద నేర్పడం అనుకునేవాళ్ళం. అది మర్యాద కాదు, లెక్క. ఎలాగో చూడండి.

బంతి ముందా, మనిషి ముందా?

మైదానంలో ఇప్పుడున్న చోటికి 30 మీటర్ల దూరంలో మన ఆటగాడు ఒకడు ఖాళీగా వున్నాడనుకుందాం. బంతి అక్కడికి చేరాలి. బంతిని తోసుకుంటూ పరుగెత్తే మనిషి వేగం సెకనుకు 6 మీటర్లు అనుకుంటే అతనికి 5 సెకన్లు పడుతుంది. అదే బంతిని తన్ని పంపితే, దాని సగటు వేగం సెకనుకు 12 మీటర్లు వున్నా 2.5 సెకన్లలో చేరుతుంది. తేడా 2.5 సెకన్లు. ఇంతేనా అంటారేమో! సెకనుకు 6 మీటర్లు పరుగెత్తే ఎదుటి జట్టు రక్షకుడు ఆ 2.5 సెకన్లలో 15 మీటర్లు వచ్చేస్తాడు. డ్రిబ్లింగు చేసేవాడు ఆ 15 మీటర్లను రక్షకుడికి కానుకగా ఇస్తున్నాడన్నమాట. బంతికి అలసట లేదు, మనిషికి వుంది. అది ఇంకో లెక్క.

బంతి అందుకున్నవాడు దానిని ఆపి, చూసుకుని, ఆలోచించి, తన్నితే ఒక సెకను ఇట్టే పోతుంది. రాకముందే ఎటు పంపాలో నిశ్చయించుకుని ఒకే తాకిడితో పంపితే ఆ సెకను మిగులుతుంది. పది సార్లు బంతి చేతులు మారితే, క్షమించాలి, కాళ్ళు మారితే పది సెకన్లు. అందుకే రహీం శిష్యులు బంతి తమ దగ్గరకు రాకముందే తల ఎత్తి చుట్టూ చూసుకోవలసి వచ్చేది. డ్రిబ్లింగు లేని పోటీలో అలా చూసుకోని వాడికి దారి లేదు. ఆ పోటీ నేర్పింది కాళ్ళకు కాదు, కళ్ళకు.

కన్ను చూసిన దానికి కాలో చెయ్యో కదలడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం ఎంతో మీరే కొలుచుకోవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకుని మీ స్నేహితుడిని నిలువుగా పట్టుకోమనండి. సున్నా గుర్తు దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు దానిని తాకకుండా తెరిచి వుంచండి. చెప్పకుండా వదలమనండి. మీరు పట్టుకున్నచోట ఎంత వుందో చూడండి. 15 సెంటీమీటర్లయితే మీకు పట్టిన సమయం సుమారు 0.17 సెకను. 20 అయితే 0.20 సెకను. స్కేలు అంతా జారిపోతే సుమారు పావు సెకను దాటిందన్నమాట. కింద పడే వస్తువు దూరానికీ సమయానికీ వున్న సూత్రం మీ పుస్తకంలో వుంది, లెక్క సరిచూసుకోండి.

ఇప్పుడు గోలుకీపరు సంగతి చూడండి. పెనాల్టీ గుర్తు గోలు గీతకు 11 మీటర్ల దూరంలో వుంటుంది. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే 0.55 సెకనులో చేరుతుంది. అందులో 0.2 చూసి తేల్చుకోవడానికే పోతే, గెంతడానికి మిగిలింది 0.35 సెకను. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ భారత జట్టుకు ఎన్నో ఏళ్ళు గోలుకీపరు. అంత పొడుగు మనిషికి చేతులు దూరం అందుతాయి. కాని 0.35 సెకనులో ఆ పొడుగంతటినీ నేలబారుకు తీసుకురావడం పొడుగు మనిషికే ఎక్కువ కష్టం!

తాండూరు బండ మీద గులకరాళ్ళు

తాండూరు వైపు పిల్లలకు ఒక సౌకర్యం వుంది. ఇంటి వసారాలో నాపరాళ్ళు పరిచి వుంటాయి. సుద్దముక్కతో దానిమీద మైదానం గీయండి. గులకరాళ్ళు తెచ్చుకోండి. అమ్మ కేకలు వేయకుండా తరవాత తుడిచేయండి.

ముందు రెండు రాళ్ళు పెట్టండి. వాటి మధ్య బంతి పోవడానికి దారి ఒక్కటే. ఎదుటివాడి రాయి ఒకటి ఆ దారిలో పెడితే దారి మూసుకుపోతుంది. ఇప్పుడు మూడో రాయి పెట్టండి. కాని అదే గీత మీద కాదు, పక్కకు. త్రిభుజం ఏర్పడింది. దారులు మూడు. ఎదుటివాడి రాయి ఒక భుజం మీద నిలబడితే మిగతా రెండు భుజాలు తెరిచే వుంటాయి. నాలుగు రాళ్ళయితే దారులు 6. అయిదయితే 10. గోలుకీపరును మినహాయిస్తే పదిమంది, వారి మధ్య దారులు 45. లెక్క ఎలా వచ్చిందంటే, ప్రతివాడికీ మిగతా 9 మంది వైపు దారులున్నాయి. 10ని 9తో గుణిస్తే 90. ఒక్కొక్క దారిని రెండు చివరలనుంచీ రెండుసార్లు లెక్కపెట్టాం కనుక సగం చేయాలి.

పదిమందీ ఒకే గీత మీద నిలబడితే ఈ 45 దారులూ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. కనుక ఎవరు ఎక్కడ నిలబడాలన్నదే అసలు ప్రశ్న. పూర్వం ఇద్దరు వెనక, ముగ్గురు మధ్య, అయిదుగురు ముందు నిలబడేవారు. మన దేశంలో చాలాకాలం ఆ పద్ధతే నడిచింది. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు బంతి అందుకోబోయే ఆటగాడికీ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువారు ముగ్గురైనా వుండాలనేవారు. కొత్త నియమంలో ఇద్దరు చాలు. ఒక్క అంకె మారేసరికి గోళ్ళు వరదలాగా వచ్చిపడ్డాయి. దానికి విరుగుడుగా ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టువారు మధ్యలో వుండే ఆటగాడిని వెనక్కి లాగి రక్షకులను ముగ్గురు చేశారు. ముందున్న అయిదుగురిలో ఇద్దరిని కొంచెం వెనక్కి దించారు. పైనుంచి చూస్తే ముందు భాగం ఇంగ్లీషు డబ్ల్యు అక్షరంలాగా, వెనక భాగం ఎం అక్షరంలాగా వుంటుంది. మీ గులకరాళ్ళతో పేర్చి చూడండి, ఎన్ని త్రిభుజాలు వచ్చాయో!

1953 నవంబరులో హంగరీ జట్టు లండను వెళ్ళి ఇంగ్లండును 6–3తో ఓడించింది. వారు చేసిన తమాషా చిన్నది. ముందు వరసలో నట్టనడుమ వుండవలసిన సెంటర్ ఫార్వర్డును బాగా వెనక్కి తెచ్చి ఆడించారు. అతన్ని కాపలా కాయవలసిన ఇంగ్లండు రక్షకుడికి ధర్మసంకటం వచ్చిపడింది. అతని వెంట పోతే గోలు ముందు ఖాళీ. పోకపోతే అతను స్వేచ్ఛగా బంతులు అందిస్తాడు. రహీం సాహెబు ప్రపంచంలో ఎక్కడ ఏ కొత్త పద్ధతి వచ్చినా శ్రద్ధగా తెలుసుకునేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆయన శిక్షణలో భారత జట్టు సెంటర్ ఫార్వర్డును వెనక్కి లాగే ఈ పద్ధతిలోనే ఆడింది. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్సులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ పైన యుగోస్లావియా చేతిలో, కంచుపతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు వారు పలువురున్నారు.

బూట్లు, బంతి, తడి

మీలో చాలామంది ఇప్పటికీ ఉత్తకాళ్ళతో ఫుట్‌బాల్ ఆడి వుంటారు. ఆ రోజుల్లో దేశం తరఫున ఆడేవారు కూడా అలాగే ఆడేవారు. 1948 లండను ఒలింపిక్సులో మన జట్టులో ఎక్కువమంది ఉత్తకాళ్ళతోనే ఆడి ఫ్రాన్సు చేతిలో 2–1 తేడాతో ఓడారు. చూసినవారు ఆశ్చర్యపోయారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలో ఆడి ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం గెలిచారు. 1952లో హెల్సింకి వెళ్ళారు. అక్కడ యుగోస్లావియా 10–1తో చిత్తుచేసింది. శిక్షకుడు అదే రహీం, ఆటగాళ్ళు దాదాపు వారే. మారిందేమిటి?

పాదం నేలను పట్టుకోవాలంటే ఘర్షణ కావాలి. పొడినేల మీద చర్మం బాగానే పట్టుకుంటుంది. తడి గడ్డి మీద పట్టు జారుతుంది. బూటు అడుగున వుండే బొడిపెల పని ఇక్కడే. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడనుకోండి. పాదం నేలకు ఆనే వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడే బరువు 0.4 కిలో. బూటుకు 6 బొడిపెలుండి, ఒక్కొక్కటి ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లయితే మొత్తం 9. అప్పుడు ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడే బరువు దాదాపు 6.7 కిలోలు. పదహారు రెట్లకు పైన! కనుక బొడిపె మెత్తని నేలలోకి దిగుతుంది, మేకు కర్రలోకి దిగినట్టు. ఇక జారడం అంటే మట్టిని చీల్చుకుపోవడమే. తడినేల మీద బూట్లవాడు చప్పున మలుపు తిరగగలడు. ఉత్తకాళ్ళవాడు తిరిగితే పడతాడు.

దీనికి తోడు బంతి. ఆనాటి బంతి తోలుది, లోపల రబ్బరు బ్లాడరు, పైన బూటుకు కట్టినట్టు తాడు. బరువు 14 నుంచి 16 ఔన్సులు, అంటే సుమారు 400 నుంచి 450 గ్రాములు వుండాలని నియమం. కాని ఆ నియమం ఆట మొదలయ్యేటప్పటికే! తోలు నీరు పీల్చుకుంటుంది. వానలో ఆట జరిగేకొద్దీ బంతి బరువెక్కుతుంది. బరువైన బంతిని అదే వేగంతో పంపాలంటే అంత ఎక్కువ బలంతో తన్నాలి. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం అంత బలమూ తిరిగి వేళ్ళకు తగులుతుంది. చలిలో నరాల వార్తలు కూడా నెమ్మదిగా నడుస్తాయి. హెల్సింకి వాతావరణం హైదరాబాదువారికి అలవాటు లేనిది. ఆ ఓటమి తరవాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

ఉత్తకాళ్ళతో ఆడడం తెలివితక్కువ అని మాత్రం అనుకోకండి. పొడి మైదానాల మీద బంతి తగిలిన తీరు వేళ్ళకు తెలియడం గొప్ప లాభం. పైగా బూట్లు ఖరీదు. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన కుర్రవాడు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో అతను ఆట బూట్లు కుట్టించుకున్నాడని చెబుతారు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీద, పెరూ మీద మన జట్టుకు గోళ్ళు కొట్టింది ఈ బలరామే. 1962లో అర్జున అవార్డు వచ్చింది. 2023లో మరణించారు.

ఎడమకాలి కథ

ఇక రెండో వింత పోటీ. కుడిచేత్తో రాసేవాడు ఎడమచేత్తో రాస్తే ఎలా వుంటుందో తెలుసు గదా, కోడి గీకినట్టు. చేతిలో లోపం లేదు, కండలూ ఎముకలూ అన్నీ వున్నాయి. లోపం ఆజ్ఞలిచ్చే చోట వుంది. మన మెదడులో ఎడమ భాగం శరీరపు కుడివైపును, కుడి భాగం ఎడమవైపును నడిపిస్తాయి. ఒక పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే, ఆ పనికి సంబంధించిన నరకణాల మధ్య బంధాలు గట్టిపడతాయి. పొలంలో రోజూ నడిచే చోట బాట పడినట్టు. వాటం లేని కాలికి ఆ బాట పడలేదు, అంతే.

ఆటలో దీని విలువ ఎంత? కుడికాలితో మాత్రమే తన్నగలవాడి దగ్గరకు బంతి ఎడమవైపు వస్తే అతను రెండడుగులు వేసి, ఒళ్ళు తిప్పి, కుడికాలి మీదికి తెచ్చుకోవాలి. ఆ సెకనులోనే రక్షకుడు వచ్చి పడతాడు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి వుంది. అతను ఎటు తిరుగుతాడో రక్షకుడికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్ళూ వచ్చినవాడి దగ్గర ఊహించడానికి వీలుండదు. ఎడమకాలి పోటీలో ఎంతటి మొనగాడైనా మొదటి రోజు నవ్వులపాలవుతాడు. నవ్వులపాలు కావడానికి ఒప్పుకున్నవాడికే ఆ కాలు వస్తుంది. మంచి ఆటగాళ్ళు మామూలు ఆటలో ఆ పనికి ఒప్పుకోరు. అందుకే దానిని ఒక పోటీగా పెట్టి, అందరినీ ఒకేసారి నవ్వులపాలు చేయడంలో రహీం సాహెబు తెలివి వుందని నాకనిపిస్తుంది.

జకార్తా, ఆ తరవాత

పోలీసు జట్టు దేశంలో పాతదయిన డ్యురాండు కప్పును కూడా వదలలేదు. 1950లో ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించి దానిని గెలిచింది. 1954, 1957లలో మళ్ళీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తరవాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది, ఆ పేరుతో 1961లో గెలిచింది. హైదరాబాదు జట్టు 1956–57, 1957–58లలో వరుసగా సంతోష్ ట్రోఫీ కూడా తెచ్చింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. రహీం సాహెబుకు అప్పటికే క్యాన్సరు. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనవారిని 2–0తో ఓడించింది. తరవాత థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును గెలిచి ఫైనలు చేరారు. అక్కడ మళ్ళీ దక్షిణ కొరియాయే! ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం మీద వచ్చిన రాజకీయ వివాదంలో భారతదేశం పేరు వినిపించడంతో స్టేడియంలోని జనం మన జట్టుకు ఎదురు తిరిగి వున్నారు. రక్షకుడు జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక వుండి బంతులను తలతో కొట్టే పని అతనికి ఇక కష్టం. రహీం సాహెబు అతన్ని తీసివేయలేదు, ముందుకు మార్చి సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఆ ఆటలో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగ్ ఒక గోలు కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2–1తో స్వర్ణపతకం మనది. గోలులో తంగరాజ్, ముందు బలరాం, ఇంకా ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్ ఆ రోజు ఆడారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రావడం అదే చివరిసారి.

1963 జూన్ 11న రహీం మరణించారు. ఆ ఏడు కూడా పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ పైన జోరు తగ్గింది. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోయాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. వారిని తప్పుపట్టడానికి లేదు, ఆటతో బతకాలంటే అక్కడే వీలు. కాని పోయినవాడి చోట కొత్తవాడు రావాలంటే కిందినుంచి ఎదగాలి. పిల్లలకు ఆ వింత పోటీలు పెట్టే మనిషి ఇక లేరు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్సు జట్టులో సభ్యుడు, తరవాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. ఆయన 2021లో కన్నుమూశారు. రోవర్స్ కప్పు పోటీ కొత్త శతాబ్దం మొదట్లో ఆగిపోయింది. రహీం కథతో 2024లో హిందీలో సినిమా వచ్చాక చాలామందికి ఆయన పేరు మొదటిసారి తెలిసింది.

మీకు ఇప్పుడు ఒక పని. ఇంటి గోడ మీద సుద్దతో ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు చతురస్రం గీయండి. అయిదు మీటర్ల దూరంనుంచి మీకు వాటం లేని కాలితో బంతిని ఇరవైసార్లు తన్నండి. ఎన్ని లోపల తగిలాయో పుస్తకంలో రాసుకోండి. రెండు వారాల పాటు రోజూ పావుగంట ఆ కాలితోనే ఆడండి. పదిహేనో రోజు మళ్ళీ ఇరవైసార్లు తన్ని, వచ్చిన అంకెను మొదటి దాని పక్కన రాయండి. ఆ రెండు వారాలూ వాటమున్న కాలితో తన్నకూడదు, మరచిపోకండి.